నడిచే ఇంటి పొగగొట్టం

పిల్లలూ, పాతకాలపు పెంకుటిళ్లలో వంటింటి పైకప్పుకు పొగగూడు ఉండడం మీలో కొందరు చూసి ఉంటారు. కట్టెలపొయ్యి మీద వంట చేస్తున్నప్పుడు పొగ అందులోంచి బయటికి పోతుంది. పొగగూడు మూసుకుపోయిందంటే ఇల్లంతా పొగ కమ్ముతుంది. కళ్లు మండుతాయి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. ఇంట్లోవాళ్లు తలుపులు బార్లా తీసి వాకిట్లోకి వస్తారు. ఆ పొగ మనల్ని బాధపెట్టే మాట నిజమే. కాని "ఇక్కడ ఉండకండి" అని చెప్పి మరీ బాధపెడుతుంది.

ఇప్పుడు చక్రాల మీద నడిచే ఇల్లు ఒకటి ఊహించుకోండి. అందులో పడకలున్నవి, వంటగది ఉన్నది, స్నానాలగది కూడా ఉన్నది. నేల కింద కట్టెలపొయ్యికి బదులు పెద్ద పెట్రోలు ఇంజను ఉన్నది. ఆ ఇంజను పొగలో ఒక విషవాయువు ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఈ ఇంటి పొగగొట్టానికి చిల్లి పడి ఆ వాయువు లోపలికి వస్తే దగ్గు రాదు, కళ్లు మండవు. తలనొప్పి వస్తుంది, ఒళ్లు తూలుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్ర నుంచి మళ్లీ లేవకపోవచ్చు.

కాబట్టి నడిచే ఇంటికి పొగగొట్టం ఎలా ఉండాలి? అది పాతబడితే మెరుగైనది ఎలా అమర్చాలి? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

పాత మోటారు ఇల్లు

ఇటువంటి బండిని ఇంగ్లీషులో మోటారుహోమ్ అంటారు. మన సినిమా తారలు షూటింగులకు తీసుకువెళ్లే క్యారవాను దీనికి దగ్గర చుట్టమే. అమెరికాలో పాత మోటారు ఇళ్లను కొని, బాగుచేసుకుని, సెలవుల్లో ఊళ్లు తిరగడం చాలామందికి సరదా. అలా నేటికీ తిరుగుతున్న వాటిలో జనరల్ మోటార్స్ వారి జి.ఎం.సి. మోటారుహోమ్ పేరు పొందింది. దీన్ని 1973 నుంచి 1978 వరకు తయారుచేశారు. కొన్ని 23 అడుగుల పొడవువి, కొన్ని 26 అడుగులవి. మొత్తం పన్నెండు వేలకు పైగా తయారయినాయి.

ఈ బండిలో ఒక విశేషం ఉన్నది. మామూలు లారీలో ఇంజను ముందు ఉంటుంది, తిరిగే శక్తి ఒక పొడుగాటి ఇరుసు ద్వారా వెనక చక్రాలకు పోతుంది. ఇందులో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. నేల కింద పొడుగాటి ఇరుసు లేదు గనక నేలను బాగా కిందికి దించి కట్టారు. పిల్లలూ ముసలివాళ్లూ సులువుగా ఎక్కవచ్చు. అయితే ఇంజను మీది మూత బండి లోపల, ముందు సీట్ల మధ్య ఉంటుంది. ఇంజను దగ్గర పొగ కారితే అది ఇంటి నడవాలో కారినట్టే లెక్క. పెట్రోలు ట్యాంకులు రెండు. అవి కూడా నేల కిందనే ఉన్నాయి. వీటన్నిటి పక్క నుంచి పొగగొట్టం ముందు నుంచి వెనక దాకా పోవాలి. దాన్ని మార్చేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో దీన్ని బట్టే ఊహించవచ్చు.

ఇంజను ఊపిరి

ఇంజను కూడా మనలాగే ఊపిరి పీల్చి వదులుతుంది. 1876లో నికొలస్ ఆటో అనే జర్మన్ తయారుచేసిన నాలుగు ఘట్టాల ఇంజను పద్ధతే నేటి పెట్రోలు ఇంజన్లది కూడా. సిలిండరులో పిస్టను కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ పీల్చుకుంటుంది. పైకి వచ్చి ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. నిప్పురవ్వ పడి మిశ్రమం మండి పిస్టనును కిందికి తోస్తుంది. మళ్లీ పిస్టను పైకి వస్తూ, మిగిలిన వేడి వాయువులను వాల్వు గుండా బయటికి నెడుతుంది. ఈ నాలుగో ఘట్టంలో బయటికి వచ్చేదే మన పొగ.

జి.ఎం.సి. బండిలో మొదట పెట్టిన ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు. అన్నీ కలిపితే పరిమాణం 455 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 7.5 లీటర్లు. ఇప్పుడు పలక తీసుకుని ఒక లెక్క చేయండి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నది. ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి ఊపిరి వదులుతుంది. అంటే ఒక్కొక్క సిలిండరు నిమిషానికి 1500 సార్లు. ఎనిమిది సిలిండర్లూ కలిసి 12,000 సార్లు. సెకనుకు 200 ఊపిరులు!

ఇక ఎంత గాలి? యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంటే 7.5 లీటర్లను 1500తో హెచ్చవేయండి, నిమిషానికి 11,250 లీటర్లు వస్తుంది. తీరిగ్గా కూర్చున్న మనిషి నిమిషానికి సుమారు 7.5 లీటర్ల గాలి పీలుస్తాడు. అంటే ఈ ఒక్క ఇంజను 1500 మంది పీల్చేంత గాలి పీలుస్తుందన్నమాట. పీల్చినదంతా వదలాలి. పైగా వదిలేటప్పుడు అది మంచి వేడిమీద ఉండి, పీల్చినప్పటి కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఇదంతా చేతిలో ఇమిడే గొట్టం గుండా పోవాలి.

పొగలో ఏముంటుంది?

ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 11 కిలోల గాలి కావాలి. ఆ గాలిలో చాలా భాగం నత్రజని. అది దాదాపుగా లోపలికి వచ్చినట్టే బయటికి పోతుంది. పెట్రోలులోని ఉదజని ప్రాణవాయువుతో కలిసి నీరు అవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే ముప్పాతిక లీటరుకు పైగా నీరు పుడుతుందంటే మీరు ఆశ్చర్యపోతారు. చలికాలం ఉదయం కారు కదిలించగానే గొట్టం చివర నుంచి చుక్కలు కారేది అందుకే. పెట్రోలులోని బొగ్గు పదార్థం ప్రాణవాయువుతో కలిసి కార్బన్ డయాక్సైడు అవుతుంది. సోడాలో బుడగలు తెప్పించేది అదే.

గాలి చాలక బొగ్గు పదార్థం సగం సగంగా మండిందనుకోండి, అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడు. మనం చెప్పుకున్న విషవాయువు ఇదే. మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసుకుపోయే బండివంటిది. ఆ బండి ఎక్కడానికి కార్బన్ మోనాక్సైడుకు ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా సులువు. అది ఎక్కి కూర్చుంటే ప్రాణవాయువుకు చోటు ఉండదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ఈ సంగతిని 1850లలోనే ప్రయోగాలు చేసి చూపాడు. 1890లలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్, బొగ్గుగనుల్లోకి దిగేవాళ్లు చిన్న పిట్టలను వెంట తీసుకువెళ్లాలని సలహా ఇచ్చాడు. విషవాయువు ఉంటే పిట్ట మనిషికంటె ముందే సోలిపోతుంది. అది చూసి మనుషులు బయటికి పరుగెత్తేవారు. బ్రిటన్‌లో 1986 దాకా గనుల్లో ఈ పిట్టలను వాడారు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోకండి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన నిలిపి ఉన్న ఒక క్యారవానులో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. బండిలోని జనరేటరు వదిలిన కార్బన్ మోనాక్సైడు నేలలోని రంధ్రం గుండా లోపలికి చేరిందని పరీక్షించిన నిపుణులు తేల్చారు. ఒక్క రంధ్రం, రెండు ప్రాణాలు!

పొగగొట్టం ఎందుకు పాడవుతుంది?

మంచి ఇనుప గొట్టం ఎందుకు చెడిపోతుందో కొంత మీకు అర్థమయే ఉంటుంది. ఇంజను నీరు పుట్టిస్తున్నది కదా. బండి దూరప్రయాణం చేస్తే గొట్టం బాగా కాగి ఆ నీరు ఆవిరిగా పోతుంది. కొద్ది దూరం నడిచి ఆగిపోతే నీరు గొట్టంలోనే, ముఖ్యంగా సైలెన్సరు డొక్కలో నిలిచిపోతుంది. పొగలోని కొన్ని పదార్థాలు ఆ నీటిలో కలిసి దాన్ని పులిసిన నీరుగా చేస్తాయి. అది ఇనుమును లోపలి నుంచి తింటుంది. మోటారు ఇల్లు ఏడాదిలో చాలా నెలలు కదలకుండా నిలిచి ఉండే బండి. అందువల్ల పైకి గొట్టం బాగానే కనిపించినా లోపల గుల్లయి ఉండవచ్చు.

రెండో శత్రువు వేడి. ఇంజనుకు అంటుకుని, అన్ని సిలిండర్ల పొగనూ ఒకచోటికి చేర్చే భాగాన్ని మానిఫోల్డు అంటారు. జి.ఎం.సి. బండిలో సిలిండర్లు ఇంగ్లీషు 'వి' అక్షరంలాగా పక్కకు నాలుగు చొప్పున ఉంటాయి గనక మానిఫోల్డులు కూడా రెండు. ఇవి పోత ఇనుముతో చేసినవి. వేడెక్కితే ఇనుము సాగుతుందని మీ పుస్తకంలో చదివారు. రెండడుగుల మానిఫోల్డు 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు పొడుగవుతుంది. చల్లారగానే మళ్లీ కుంచించుకుంటుంది. ఏళ్ల తరబడి ఇలా సాగి కుంచించుకుని, అది వంకరపోవచ్చు, పగలవచ్చు, తనను పట్టి ఉంచిన బోల్టులను విరిచెయ్యవచ్చు. పగులు దగ్గర నల్లని మసి చార కనపడుతుంది. ఉదయం చల్లని ఇంజను కదిలించినప్పుడు "టిక్ టిక్" మని చప్పుడయి, కాసేపటికి అది ఆగిపోతుంది. వేడికి లోహం సాగి పగులు మూసుకుపోవడమే దానికి కారణం. చప్పుడు పోయింది గనక రోగం పోయిందని మాత్రం అనుకోకూడదు.

కొత్త గొట్టం ఏ లోహంతో?

పాతది తీసేసి కొత్తది వెయ్యాలని నిశ్చయించాక మొదటి ప్రశ్న ఇది. మామూలు ఉక్కు చవక, కాని త్వరగా తుప్పు పడుతుంది. దానికి అల్యూమినియం పూత పూస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. అన్నిటికంటె మన్నికైనది స్టెయిన్‌లెస్ ఉక్కు. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పుపట్టని ఉక్కు తయారుచేశాడు. అందులో కలిసి ఉండే క్రోమియం, గాలి తగలగానే పైన కంటికి కనపడనంత పలుచని పొర ఏర్పరచి, లోపలి ఇనుమును కాపాడుతుంది. మీ ఇంట్లోని స్టీలు గ్లాసుది కూడా ఆ పొరే. పొగగొట్టాలకు వాడే ఒక రకం స్టెయిన్‌లెస్ ఉక్కులో వందకు సుమారు 11 పాళ్లు క్రోమియం ఉంటుంది. మీ స్టీలు గ్లాసులో సాధారణంగా ఇంతకంటె ఎక్కువ ఉంటుంది. అందుకే గ్లాసు తళతళలాడుతుంది, గొట్టం మాత్రం కొంత కాలానికి మాసిన రంగుకు తిరుగుతుంది. అయినా చిల్లులు పడకుండా చాలాకాలం నిలుస్తుంది.

మానిఫోల్డు మాట వేరు. కొందరు పోత ఇనుప మానిఫోల్డు తీసేసి, ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క ఉక్కు గొట్టం ఉన్న అమరిక వేస్తారు. దానివల్ల పొగ సులువుగా పోతుంది. కాని పలుచని గొట్టాలు ఎక్కువ వేడిని చుట్టూ చిమ్ముతాయి, అతుకుల సంఖ్య కూడా పెరుగుతుంది. ఇంజను పైమూత ఇంటి లోపలే ఉన్న ఈ బండికి అది ఆలోచించవలసిన విషయం. అందుచేత మరికొందరు, పగుళ్లు లేని పోత ఇనుప మానిఫోల్డునే తెచ్చి, దాని ముఖాన్ని యంత్రం మీద చదును చేయించి, కొత్త గాస్కెట్టు వేసి బిగిస్తారు.

ఎంత లావు గొట్టం?

బొప్పాయి ఆకు కాడ ఒకటి తెచ్చుకోండి. దాన్ని రెండువైపులా కోస్తే గొట్టం అవుతుంది. గుండెల నిండా గాలి పీల్చి ఆ కాడలోంచి ఊదండి. తర్వాత కొబ్బరినీళ్లు తాగే సన్నని స్ట్రాలోంచి ఊదండి. రెండోసారి బుగ్గలు నొప్పి పుట్టలేదూ? గొట్టం ఇరుకైతే ఇంజనుకూ అంతే. రావలసిన శక్తిలో కొంత పొగను నెట్టడానికే ఖర్చవుతుంది.

గొట్టం అడ్డకొలత కొంచెం పెంచితే చోటు చాలా పెరుగుతుంది. రెండంగుళాల గొట్టం కోసిన ముఖం వైశాల్యం సుమారు 3.14 చదరపు అంగుళాలు. రెండున్నర అంగుళాలది 4.9 చదరపు అంగుళాలు. అర అంగుళం పెంచితే చోటు ఒకటిన్నర రెట్లకు పైగా అయింది! పెంచిన కొలత వర్గాన్ని బట్టి వైశాల్యం పెరుగుతుందని మీ లెక్కల మాస్టారు చెప్పినది ఇక్కడ పనికివచ్చింది.

అయితే ఆరంగుళాల గొట్టం వేస్తే ఇంకా మేలు కదా అని మీరు అడుగుతారు. మేలు కాదు. గొట్టం మరీ లావైతే పొగ మందగిస్తుంది. వేగంగా పోయే ఊపిరి తన వెనక వచ్చే ఊపిరిని కొంత లాక్కుపోతుంది. ఆ సాయం పోతుంది. మందగించిన పొగ త్వరగా చల్లారి నీటిని ఎక్కువగా గొట్టంలో వదులుతుంది. చప్పుడు పెరుగుతుంది. నేల కింద చోటూ చాలదు. మోటారు ఇల్లు పందెపు కారు కాదు. నిండుగా సర్దితే దాదాపు 5 టన్నుల బరువుతో ఘాట్ రోడ్డు మెల్లిగా ఎక్కవలసిన బండి. దానికి తక్కువ చుట్ల వద్ద బలంగా లాగే గుణం ముఖ్యం. కాబట్టి ఇంజను ఊపిరికి సరిపడే లావు చాలు. గొట్టం వంచిన చోట నొక్కుకుపోకుండా గుండ్రంగానే ఉండేటట్టు చూసుకుంటే, లావు పెంచినంత లాభమూ వస్తుంది.

సైలెన్సరు ఏం చేస్తుంది?

మనవాళ్లు మొత్తం పొగగొట్టాన్నే సైలెన్సరు అంటారు. నిజానికి సైలెన్సరు అంటే మధ్యలో ఉన్న లావుపాటి డొక్క. సెకనుకు 200 సార్లు వాయువు తోసుకువస్తే అది గాలిలో అలలు లేపుతుంది. ఆ అలలే చప్పుడు. ఒకరకం సైలెన్సరులో గదులూ చిల్లుల గొట్టాలూ ఉంటాయి. అల గోడకు కొట్టుకుని వెనక్కు వచ్చి ఎదురొచ్చే అలతో కలుస్తుంది. ఒక అల మిట్ట మరొక అల పల్లంలో పడితే రెండూ చల్లబడతాయి. మరో రకంలో చిల్లుల గొట్టం చుట్టూ గాజుపీచు దట్టించి ఉంటుంది. చప్పుడు ఆ పీచులో దూరి, కొద్దిపాటి వేడిగా మారి ఆరిపోతుంది.

మోటారు ఇంటికి చప్పుడుతో ఒక చిక్కు ఉన్నది. తంబూరా తీగ ఒక్కటే మీటితే అంత నాదం రాదు. కింద ఉన్న బుర్ర కూడా దానితో కలిసి పలుకుతుంది. ఖాళీ పెట్టెవంటి మోటారు ఇల్లు కూడా అటువంటి బుర్రే. ఇంజను ఒకానొక వేగంలో తిరిగేటప్పుడు ఇల్లంతా "హూం" అని మారుమోగుతుంది. గంటల కొద్దీ ప్రయాణంలో డ్రైవరుకు తల దిమ్మెక్కుతుంది. అందుకని సైలెన్సరు కొనేటప్పుడు, బండి నిలబడి ఉన్నప్పుడు ఎంత సొగసుగా పలుకుతుందో చూసి కాక, ప్రయాణపు వేగంలో ఎంత నెమ్మదిగా ఉంటుందో విచారించి కొనాలి.

మన పట్టణాల్లో కొందరు యువకులు మోటారుసైకిలుకు కంపెనీ వేసిన సైలెన్సరు పీకేసి, గట్టిగా అరిచే గొట్టం వేయిస్తారు. అటువంటి గొట్టాలను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన బొమ్మలు మీరు పత్రికల్లో చూసే ఉంటారు. ప్రతి మోటారు బండికీ చప్పుడు తగ్గించే సైలెన్సరు ఉండాలని మన 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. చప్పుడు పెరిగినంత మాత్రాన బలం పెరగదు. పక్కింటి పసిపాప నిద్ర మాత్రం చెడుతుంది.

వేలాడదీయడం, వేడి తగలనీయకపోవడం

ముందు నుంచి వెనక దాకా గొట్టం 20 అడుగులు ఉన్నదనుకోండి. అది సగటున 250 డిగ్రీలు వేడెక్కితే సుమారు 18 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని బండి అడుగుకు గట్టిగా బోల్టులతో బిగించేస్తే సాగే దారి లేక ఎక్కడో ఒకచోట పగులుతుంది. అందుకే గొట్టాన్ని రబ్బరు పట్టీలతో ఉయ్యాలలాగా వేలాడదీస్తారు. ఇంజను అదిరినా, గొట్టం సాగినా ఉయ్యాల సర్దుకుపోతుంది. ఇంజను దగ్గర వంగగలిగే ఒక మెత్తని అతుకు కూడా పెడతారు.

గొట్టానికీ పెట్రోలు ట్యాంకుకూ, బ్రేకు నూనె గొట్టాలకూ, వంటగ్యాసు గొట్టానికీ, నేల చెక్కకూ మధ్య ఎడం ఉండాలి. ఎడం చాలని చోట వేడి ఆపే రేకు అడ్డం పెట్టాలి. ట్యాంకు దగ్గర వెల్డింగు ఎన్నడూ చేయరాదు. గొట్టాన్ని దింపి, దూరంగా తీసుకుపోయి అతకాలి. ఇక 5 టన్నుల బండి కిందికి ఒట్టి జాకీని నమ్ముకుని ఎవరూ దూరకూడదు. గట్టి నేల మీద, బలమైన స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు వేసి, గొట్టం పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. ఇది అనుభవమున్న మెకానిక్కు చెయ్యవలసిన పని.

గొట్టం చివర ఎక్కడ ఉండాలి?

అన్నిటిలోకీ ముఖ్యమైన ప్రశ్న ఇది. దీనికి సమాధానం మీరే ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి. బల్ల మీద చెప్పుల అట్టపెట్టె ఒకటి నిలబెట్టి, పడిపోకుండా లోపల రాయి పెట్టండి. దాని ముందు కొంత దూరంలో టేబులు ఫాను పెట్టి మెల్లిగా తిప్పండి. పెట్టె వెనక నాలుగంగుళాల దూరంలో వెలిగించిన అగరువత్తి పట్టుకోండి. పొగ గాలితోపాటు దూరంగా కొట్టుకుపోతుందని మీరు అనుకుంటారు. కాని కొంత పొగ వెనక్కు తిరిగి, సుడులు తిరుగుతూ పెట్టె వీపును తాకుతుంది.

దీనికి కారణమేమిటి? గాలి పెట్టె అంచులు దాటి పోయేటప్పుడు వెంటనే వెనక చోటులోకి నిండలేదు. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గిన చోటులోకి చుట్టూ ఉన్న గాలీ పొగా లాగబడతాయి. వేగంగా పోయే మోటారు ఇల్లు కూడా ఇటువంటి పెట్టే. గొట్టం చివర బండి నేల కిందనే ఆగిపోతే పొగ వీపు వెనక సుడులు తిరుగుతుంది. వెనక కిటికీ తెరిచి ఉన్నా, తలుపు రబ్బరు చిరిగి ఉన్నా, నేలలో వైరు కోసం తొలిచిన రంధ్రం పూడ్చకుండా ఉన్నా లోపలికి వస్తుంది. అందుచేత గొట్టం చివర బండి అంచు దాటి బయటికి రావాలి. తెరుచుకునే కిటికీ కింద ఉండకూడదు. దారిలో ఎక్కడా చిల్లు ఉండకూడదు. నేలలోని ప్రతి రంధ్రమూ పూడ్చాలి.

బండి ఆగి ఉన్నప్పుడు దీపాలకూ ఏసీకీ జనరేటరు నడుస్తుంది. దానికి వేరే పొగగొట్టం ఉంటుంది. పెద్ద గొట్టాన్ని ఎంతో డబ్బుపోసి మార్చి, ఈ చిన్నదాన్ని మరిచిపోతే ప్రయోజనం లేదు. బండి నడిచేటప్పుడు అందరూ మేలుకుని ఉంటారు. జనరేటరు నడిచేది అందరూ నిద్రపోయేటప్పుడు.

పరీక్ష

సైకిలు ట్యూబుకు పంక్చరు ఎక్కడ ఉందో షాపువాడు ఎలా కనిపెడతాడు? గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచుతాడు. బుడగలు వచ్చిన చోట చిల్లు. కొత్త పొగగొట్టానికి కూడా అదే పరీక్ష చేస్తారు. ఇంజను ఆపి, చల్లగా ఉన్నప్పుడు గొట్టం చివర నుంచి యంత్రంతో గాలి ఊది, ప్రతి అతుకు మీద సబ్బునీళ్లు కుంచెతో రాస్తారు. బుడగ లేస్తే ఆ అతుకు మళ్లీ బిగించవలసిందే. కొన్ని వందల మైళ్లు నడిచాక బోల్టులు మరొకసారి చూడాలి. వేడికి సాగి చల్లారడంలో అవి వదులవుతాయి.

ఇంత చేసినా పడకల దగ్గర కార్బన్ మోనాక్సైడు కనిపెట్టే గంట ఒకటి పెట్టాలి. గనిలోని పిట్ట చేసిన పని ఇప్పుడు అరచేతిలో పట్టే ఈ యంత్రం చేస్తుంది. విషవాయువు చేరగానే పెద్దగా మోగి నిద్రపోయేవాళ్లను లేపుతుంది. దాన్ని అప్పుడప్పుడు మీట నొక్కి పరీక్షించాలి. దాని ఆయుష్షు తీరిన సంవత్సరానికి కొత్తది వెయ్యాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

మన ఇళ్లల్లో మోటారు ఇల్లు లేకపోవచ్చు. కాని కారు ఉండవచ్చు, దుకాణంలో జనరేటరు ఉండవచ్చు, పొలంలో ఇంజను ఉండవచ్చు. మూసిన షెడ్డులో ఏ ఇంజనునూ నడపకండి. జనరేటరును గదిలోగాని, మెట్లకిందగాని, కిటికీ పక్కనగాని పెట్టకండి. నిలిపి ఉన్న కారులో అద్దాలు ఎత్తి ఏసీ వేసుకుని నిద్రపోకండి. చలికి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించినా పుట్టేది ఈ వాయువే. ఒకేచోట ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, తూలడం కనిపిస్తే తిన్న తిండి మీద అనుమానపడేముందు అందరినీ ఆరుబయటికి తీసుకురండి, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపండి.

పిల్లలూ, మీకు రెండు పనులు. రెండున్నర అంగుళాల గొట్టం తీసి మూడంగుళాలది వేస్తే వైశాల్యం ఎన్ని రెట్లు పెరుగుతుంది? లెక్క చేసి మీ మాస్టారికి చూపండి. రెండోది, మీ ఇంట్లోగాని, మీ వీధి దుకాణాల్లోగాని జనరేటరు ఉంటే దాని పొగగొట్టం చివర ఎటు తిరిగి ఉన్నదో దూరం నుంచే చూడండి. అది ఎవరి కిటికీ వైపు అయినా తిరిగి ఉంటే ఆ సంగతి ఇవాళే మీ నాన్నగారితో చెప్పండి.